రీనల్ అన్నా నెఫ్రో అన్నా కిడ్నీయే: రిపోర్టులోని ఇంగ్లీషు మాటను విప్పుకోవడం ఎలా

నేను శ్రీకాకుళం జిల్లా సోంపేటలో ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. 16 ఏళ్ళుగా ఇదే పని. మాది కవిటి దగ్గర పల్లె. మా ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్యానం అన్న మాటే అలా మారిందని పెద్దవాళ్ళు చెప్పేవారు. కొబ్బరి, జీడి, పనస, ఎటు చూసినా తోటలే. ఆ తోటల మధ్యే కిడ్నీ జబ్బు ఇల్లిల్లూ తిరిగింది. పెళ్ళిలో ఎదురైన చుట్టం కూడా "బాగున్నారా" అనే ముందు "క్రియాటిన్ ఎంతుంది?" అని అడుగుతాడు. క్రియాటినిన్‌ని మా వాళ్ళు అలా అంటారు, కిడ్నీ పని ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష అంకె అది.

కిడ్నీ అనే మాట తెలియనివాళ్ళు మా దగ్గర ఒక్కరూ లేరు. అయినా చేతిలో ఉన్న రిపోర్టులో అది ఏ పేరుతో ఉందో తెలియక మోసపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. అందులో మా నాన్న ఒకడు. చదివి చెప్పింది నేనే.

అప్పుడు నేను ఇంటర్ బైపీసీ. నాన్నకి నడుం నొప్పి, కాళ్ళు బరువు. పట్నంలో స్కానింగ్ తీయించుకుని వచ్చాడు. అక్కడ ఎవరూ ఏమీ విడమరిచి చెప్పలేదు, కవరు చేతికిచ్చి పంపేశారు. వీధి గట్టు మీద కూర్చుని "సదువమ్మా" అన్నాడు. చదివాను. పైన రైట్ కిడ్నీ, లెఫ్ట్ కిడ్నీ అని రెండు వరసలు, ఎదురుగా కొలతలు, తరవాత "నార్మల్ ఇన్ సైజ్". అన్నిటికన్నా కింద ఇంప్రెషన్ అన్నచోట "బైలేటరల్ రీనల్ పారెంకైమల్ డిసీజ్, గ్రేడ్ 1". నేను ఏం చెప్పానో ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "కిడ్నీలు నార్మల్ అంట నాన్నా. రీనల్ అని ఇంకేదో రాశారు, నరాలకి సంబంధించింది కాబోలు."

"అయితే కిడ్నీ నేదు కదా," అన్నాడు. ఆ మాటతో ఇంట్లో అందరికీ టెన్షన్ పోయింది. అమ్మ రిపోర్టు తీసుకెళ్ళి ట్రంకుపెట్టెలో పట్టుచీర కింద పెట్టింది. నరాల నొప్పే అనుకుని ఎనిమిది నెలలు నాన్న నొప్పి బిళ్ళలు మింగుతూ జీడితోటలో పని చేశాడు. ఆ బిళ్ళలు దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయని మాకెవరికీ తెలియదు. తరవాత రక్తపరీక్ష చేయిస్తే, సుమారు 1.2 లోపు ఉండాల్సిన క్రియాటినిన్ 6.8. అప్పట్లో మా దగ్గర డయాలిసిస్ లేదు, వారానికి రెండుసార్లు రైలెక్కి విశాఖ వెళ్ళేవాళ్ళం.

ఆ రైలెక్కే చోటే నాకు ఈ పేర్ల సంగతి బోధపడింది. సోంపేట స్టేషన్ సోంపేటలో లేదు, కంచిలిలో ఉంది. కొత్తవాడు బోర్డు పేరు నమ్ముకుని సోంపేటలో దిగి వెతికితే రైలు దాటిపోతుంది. మా ఊరివాళ్ళకి అది చిన్నప్పటినుంచీ తెలుసు కాబట్టి ఇబ్బంది లేదు. రీనల్ అంటే కిడ్నీ అని కూడా అలాగే ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండాల్సింది. ఇది రాస్తున్నది అందుకే.

మొదట పట్టుకోవలసింది ఇది. ఇంగ్లీషు వైద్యంలో ఈ అవయవానికి మూడు పేర్లు. కిడ్నీ ఇంగ్లీషువాళ్ళ ఇంటి మాట. రీనల్ లాటిన్ నుంచి వచ్చింది. లాటిన్‌లో కిడ్నీని రెన్ అంటారు, రెండు ఉంటే రెనేస్. నెఫ్రో గ్రీకు నుంచి వచ్చింది, అక్కడ దాని పేరు నెఫ్రోస్. ఇది మనకేమీ వింత కాదు, మనకీ మూడు పేర్లే. నోట్లో కిడ్నీ అంటాం, పేపర్లో మూత్రపిండం అని చదువుతాం, పాత పాఠ్యపుస్తకాల్లో వృక్కం. వృక్క ధమని అని చదువుకున్నవాడికి అదే రీనల్ ఆర్టరీ అని చెబితే చాలు, ఇంకేమీ చెప్పక్కర్లేదు.

కిడ్నీ అన్న మాట 14వ శతాబ్దపు ఇంగ్లీషులో కిడెనెయ్, కిడెనెరె అని రకరకాలుగా కనిపిస్తుంది. మొదటి సగం ఏమిటో పండితులు తేల్చలేదు. రెండో సగం గుడ్డు అనే పాత మాట అని కొందరంటారు, ఆకారం గుడ్డులా ఉంటుంది కాబట్టి. మరికొందరు దాన్ని నెరె అనే పాత మాటతో కలుపుతారు, ఆ మాటకి అర్థమే కిడ్నీ. జర్మన్లు ఇప్పటికీ కిడ్నీని నీరె అంటారు. గ్రీకు నెఫ్రోస్‌కీ జర్మన్ నీరెకీ మూలం ఒకటే. మన నీరుకీ దానికీ చుట్టరికం లేదు, వినడానికి మాత్రం దగ్గరగా ఉంటుంది. కిడ్నీ చేసే పనేమో నీటితోనే. రోజుకి దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, అందులో లీటరున్నరో రెండో మాత్రం బయటికి పంపి, మిగతాదంతా తిరిగి ఒంట్లోకి ఇచ్చేస్తుంది.

లాటిన్ రెనేస్ నుంచి ఇంగ్లీషులో ఒకప్పుడు రీన్స్ అనే మాట కూడా ఉండేది. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో, 26వ కీర్తనలో, గుండెతో పాటు రీన్స్‌ని కూడా పరీక్షించమని దేవుణ్ణి అడుగుతారు. పూర్వం కిడ్నీలు మనిషి లోతైన భావాలుండే చోటని నమ్మేవారు. తెలుగు బైబిల్లో అదే చోట అంతరింద్రియములు అని ఉంటుంది. మా వీధిలో చర్చికెళ్ళే పిన్నికి ఈ సంగతి చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆవిడ భర్త అప్పటికి రెండేళ్ళుగా డయాలిసిస్ మీద ఉన్నాడు.

ఇక వాడుక. మూడు పేర్లూ ఒకటే అయినా మూడింటినీ ఒకేచోట వాడరు. ఈ తేడా పట్టుకుంటే రిపోర్టు సగం వచ్చేసినట్టే.

అవయవాన్ని వస్తువుగా చెప్పేటప్పుడు కిడ్నీ. రైట్ కిడ్నీ, కిడ్నీ సైజు, కిడ్నీ మార్పిడి. ఆ కిడ్నీకి సంబంధించినది, కిడ్నీలో ఉన్నది అని చెప్పాలంటే రీనల్. రీనల్ ఆర్టరీ అంటే కిడ్నీకి రక్తం తెచ్చే గొట్టం. రీనల్ ఫంక్షన్ టెస్ట్ అంటే కిడ్నీ పని ఎలా ఉందో చూసే పరీక్ష. రీనల్ ఎప్పుడూ ఒంటరిగా రాదు, వెనక ఇంకో మాట ఉండి తీరుతుంది. జబ్బు పేరో, శాస్త్రం పేరో, ఆపరేషన్ పేరో అయితే నెఫ్రో, అది కూడా ఇంకో ముక్కకి అతుక్కుని వస్తుంది. మా నాన్న రిపోర్టులో పైన కొలతల దగ్గర కిడ్నీ అనీ, కింద కిడ్నీలో ఉన్న జబ్బు అని విడి మాటల్లో చెప్పినచోట రీనల్ అనీ ఉన్నది ఈ పద్ధతి వల్లే. రాసినవాడు తప్పు రాయలేదు. చదివిన పిల్లకి తెలియలేదు.

మాట విప్పడం ఇలా. పొడుగు మాట కనిపిస్తే మొదటి అక్షరం నుంచి చదవకండి. ముందు మధ్యలో నెఫ్ర్ గానీ, రెన్ గానీ ఉందేమో వెతకండి. దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టండి. తరవాత తోక చూడండి, చివరికి తల.

తోకలు పెద్దగా ఉండవు, ఓ అరడజను వస్తే చాలు. ఐటిస్ ఉంటే మంట, వాపు: నెఫ్రైటిస్. పతీ ఉంటే జబ్బు: డయాబెటిక్ నెఫ్రోపతీ అంటే షుగర్ వల్ల వచ్చిన కిడ్నీ జబ్బు. లిత్ ఉంటే రాయి. ఎక్టమీ ఉంటే కోసి తీసేయడం. లజీ ఉంటే శాస్త్రం. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాక మా వాళ్ళు నెఫ్రాలజీ అన్న మాట ఓపీ చీటీల మీద తరచూ చూస్తున్నారు. ఓసిస్ ఉంటే అలాంటి స్థితి ఏర్పడిందని.

ఈ ఓసిస్‌తో ఒకసారి కంచిలి నుంచి వచ్చిన ఒకాయన వణికిపోయాడు. హైడ్రోనెఫ్రోసిస్ అని రాసి ఉంది. కేన్సర్ అనుకున్నాడు. కాగితం బల్ల మీద పెట్టి సున్నా చుట్టి చూపించాను. మధ్యలో నెఫ్ర్, కిడ్నీ. వెనక ఓసిస్, స్థితి. ముందు హైడ్రో, నీళ్ళు. మూత్రం దిగే దారిలో ఎక్కడో అడ్డు పడి, వెనక్కి నిలిచి, కిడ్నీ లోపలి తొట్టి ఉబ్బింది. "మడికి మదుం మూసీసినట్టు," అన్నాడాయన తనే. నాకు అంతకన్నా బాగా చెప్పడం రాదు. అడ్డు ఏమిటో డాక్టరుగారిని అడగాలని తనకే తోచింది. చూస్తే రాయి.

ఆ రాయి కూడా రిపోర్టులో రాయి పేరుతో ఉండదు. రీనల్ క్యాలిక్యులస్ అని ఉంటుంది. క్యాలిక్యులస్ అంటే లాటిన్‌లో చిన్న గులకరాయి. పూర్వం గులకరాళ్ళు పెట్టి లెక్కలు వేసేవారు కాబట్టి లెక్కకి క్యాలిక్యులేషన్ అన్న పేరు అక్కడినుంచే వచ్చింది. పిల్లలు ఆడే గచ్చకాయల్లాంటి మాట అది, భయపడేంత లేదు. దాని పక్కన ఎన్ని మిల్లీమీటర్లో ఉంటుంది, అది చూడండి.

కొన్నిచోట్ల జాగ్రత్త. నెఫ్రో వేరు, న్యూరో వేరు. న్యూరో నరాలది. ఓపీ దగ్గర ఈ రెండూ తారుమారై ఒక పూటంతా తప్పు లైనులో నిలబడినవాళ్ళు నాకు తెలుసు. ఇంగ్లీషులో ఎన్, ఈ తరవాత పీ, హెచ్ ఉంటే కిడ్నీ, యూ ఉంటే నరం. అలాగే రీనల్, రెటినల్. షుగర్ ఉన్నవాళ్ళ కాగితాల్లో రెండూ వస్తాయి. మధ్యలో టీ, ఐ ఉంటే అది కంటి లోపలి పొరకి సంబంధించినది. యురెటర్, యురెత్రా అని ఇంకో జత ఉంది: కిడ్నీ నుంచి మూత్రాశయానికి దించేది యురెటర్, అక్కడినుంచి బయటికి పంపేది యురెత్రా.

ఈ మాటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అడ్రినల్. కిడ్నీ నెత్తిన టోపీలా చిన్న గ్రంథి ఉంటుంది. లాటిన్ వాడు ఆడ్ అంటే దగ్గర, రెన్ అంటే కిడ్నీ కలిపి అడ్రినల్ అన్నాడు. ఆ గ్రంథి నుంచి వచ్చే పదార్థాన్ని జోకిచి తకామినే అనే జపాన్ శాస్త్రవేత్త 1901లో శుద్ధిచేసి అడ్రినలిన్ అన్నాడు. అంతకు కొన్నేళ్ళ ముందే జాన్ జాకబ్ ఏబెల్ అనే అమెరికా శాస్త్రవేత్త దానికి గ్రీకు పేరు పెట్టాడు: ఎపి అంటే మీద, నెఫ్రోస్ అంటే కిడ్నీ, కలిపి ఎపినెఫ్రిన్. ఇప్పటికీ ఒక దేశంలో ఈ పేరు, ఒక దేశంలో ఆ పేరు. రెండు మందులనుకుంటారు చాలామంది, ఒకటే. మన తెలుగు పుస్తకాల్లో ఆ గ్రంథి పేరేమిటో తెలుసా? అధివృక్క గ్రంథి. అధి అంటే మీద, వృక్కం అంటే కిడ్నీ. మూడు భాషలవాళ్ళూ ఒకే వస్తువును చూసి ఒకేలా పేరు పెట్టారు. ఇంటర్‌లో ఈ మాటని బట్టీ పట్టాను, మార్కులూ వచ్చాయి. అప్పుడే విప్పి చూసుంటే నాన్న రిపోర్టు చదివిన రోజు రీనల్ దగ్గర ఆగేదాన్ని.

ఇప్పుడు ఆ నాన్న రిపోర్టునే పక్కన పెట్టుకుని చదువుదాం. మా వాళ్ళలో ఎక్కువమందికి ఇలాంటి వాక్యమే వస్తుంది.

బైలేటరల్: రెండు పక్కలా. అంటే రెండు కిడ్నీలూ. రీనల్ తెలిసిందే. పారెంకైమా అంటే అవయవంలో అసలు పని చేసే కండ, అంటే కణజాలం. గ్రీకులో దాని అర్థం పక్కన పోసినది అని. రక్తం లోపల ఒలికి గడ్డకట్టి అలా కండ తయారవుతుందని ఆ కాలపు వైద్యులు అనుకున్నారు. ఆ ఆలోచన పోయింది, పేరు మిగిలింది. కాబట్టి బైలేటరల్ రీనల్ పారెంకైమల్ డిసీజ్ అంటే రెండు కిడ్నీల్లోనూ పని చేసే కండకే జబ్బు తగిలింది అని. గ్రేడ్ 1 అంటే స్కానింగులో కనిపించే మార్పు ఇంకా మొదటి మెట్టులో ఉంది. సైజు నార్మల్ అన్నది కొలత గురించి మాత్రమే. పని ఎలా ఉందో స్కానింగ్ సైజు చెప్పదు, రక్తం, మూత్రం పరీక్షలు చెబుతాయి.

తరవాత కార్టెక్స్, మెడుల్లా. ఇవి అర్థం కావాలంటే ఉద్దానం మనిషికి పుస్తకం అక్కర్లేదు. కార్టెక్స్ అంటే లాటిన్‌లో చెట్టు బెరడు. మెడుల్లా అంటే లోపలి మూలుగు, దవ్వ. తెలుగు జీవశాస్త్రంలో వల్కలం, దవ్వ అన్నారు, చక్కగా కుదిరాయి. అరటి బోదెని అడ్డంగా కోయండి. పై పట్టలు ఒక రంగు, నడుమ కూర వండుకునే తెల్లటి దవ్వ ఇంకో రంగు. ఎక్కడ పట్ట అయిపోయి దవ్వ మొదలైందో కంటికి తెలుస్తుంది. కిడ్నీని నిలువునా కోస్తే అలాగే బెరడు వేరుగా, దవ్వ వేరుగా ఉంటుంది. స్కానింగులో ఆ తేడా స్పష్టంగా ఉంటే సీఎండీ మెయింటెయిన్డ్ అని రాస్తారు, అంటే బెరడుకీ దవ్వకీ తేడా నిలిచి ఉంది అని. జబ్బు ముదిరేకొద్దీ బెరడు తెల్లబడి, రెండూ కలిసిపోయినట్టు కనిపిస్తుంది. అప్పుడు లాస్ట్ అనో, పూర్ అనో రాస్తారు. రిపోర్టులో ఈ మూడు అక్షరాలూ వెతికి చూడడం అలవాటు చేసుకోండి.

ఆ బెరడులోనే గ్లోమెరులస్‌లు ఉంటాయి, ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షలు. గ్లోమస్ అంటే లాటిన్‌లో దారపు ఉండ, గ్లోమెరులస్ అంటే చిన్న ఉండ. సన్నటి రక్తనాళం చుట్టలు చుట్టుకుని ఉంటుంది, రక్తం వడపోత మొదలయ్యేది అక్కడే. పొందూరు వెళ్ళినప్పుడు సన్న ఖద్దరుకి నూలు వడకడం చూశాను. పోగు ఎంత సన్నగా ఉందంటే వెలుతురుకి అడ్డంగా పెడితే తప్ప కనిపించలేదు. ఆ నూలుతో ఆవగింజకన్నా చిన్న ఉండ చుడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఈజీఎఫ్ఆర్ అనే లెక్కలో జీ అంటే ఈ ఉండే. ఈ ఉండలన్నీ కలిసి నిమిషానికి ఎంత వడకడుతున్నాయో ఆ అంకె చెబుతుంది. తగ్గుతుంటే జబ్బు పెరుగుతున్నట్టు.

క్రియాటినిన్‌ది దానికి ఎదురు, అది పెరిగితే చెడ్డ. క్రియాస్ అంటే గ్రీకులో మాంసం. 1832లో మాంసం రసంలోంచి దీనికి దగ్గరి పదార్థాన్ని తీసినప్పుడు క్రియాటిన్ అన్నారు, క్రియాటినిన్ దానినుంచి వచ్చేది. మన కండలు పని చేసినప్పుడు పుట్టే చెత్త అది, కిడ్నీ ఊడ్చి పారేయాలి. పెద్దవాళ్ళలో సుమారు 0.6 నుంచి 1.2 దాకా మామూలు. మా వాళ్ళు "నాకు క్రియాటిన్ వచ్చింది" అంటారు, అదో జబ్బన్నట్టు. అది జబ్బు పేరు కాదు, అందరి ఒంట్లో ఉండేదే. దాన్ని ఎంత ఊడుస్తున్నదో చూసి కిడ్నీ పనితనాన్ని అంచనా కడతారు.

క్రానిక్ అన్న మాట దగ్గర కూడా ఇలాగే పొరపడతారు. క్రానిక్ అంటే ముదిరిపోయింది అని కాదు. క్రోనోస్ అంటే కాలం, చాలాకాలంగా ఉన్నది అని. తెలుగులో దీర్ఘకాలిక అన్నది సరిగ్గా సరిపోయింది. అక్యూట్ అంటే పదునైనది, హఠాత్తుగా వచ్చింది అని. వాంతులు విరేచనాలై ఒంట్లో నీరు పోయినప్పుడు వచ్చే అక్యూట్ దెబ్బ చాలాసార్లు తేరుకుంటుంది కూడా. సీకేడీ అంటే క్రానిక్ కిడ్నీ డిసీజ్, దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు. దాని చివర చిన్న యూ అక్షరం చేర్చి సీకేడీయూ అంటే కారణం తెలియనిది అని. మా ఉద్దానం జబ్బు పక్కన ఆ యూ ఇంకా ఉంది.

డాక్టర్ల లోకంలో కూడా ఈ మూడు పేర్ల ఇబ్బంది గుర్తించారు. కిడ్నీ వైద్యానికి మార్గదర్శకాలు రాసే కేడీఐజీఓ అనే అంతర్జాతీయ సంస్థ 2020లో ఒక నివేదిక ప్రచురించింది. ఇంగ్లీషులో రాసేటప్పుడు వీలైనచోటల్లా రీనల్, నెఫ్రో బదులు కిడ్నీ అనే రాయమని, రోగికి తెలిసిన మాట అదేనని అందులో ఉంది. అది చదివిన రోజు ల్యాబ్ తాళం వేశాక కూడా చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఆ సలహా ఇంకా మా ఊరి రిపోర్టుల దాకా పూర్తిగా రాలేదు. వచ్చేదాకా మనమే విప్పుకోవాలి.

ఒక పొడుగు నోట్‌బుక్ పెట్టుకోండి. ఇంట్లో ఎవరికి పరీక్ష చేయించినా తేదీ వేసి, అంకె రాసి, కింద ఇంప్రెషన్‌లో ఉన్న మాటని తెలుగు లిపిలో రాసి, పక్కన విప్పిన అర్థం రాయండి. అర్థం కాని ముక్కకి కింద గీత గీసి, డాక్టరుగారి దగ్గర ఆ ముక్క చూపించి అడగండి. "ఏటైనా ఉందా బాబూ?" అని అడిగితే "ఏం లేదు, మందులు వాడండి" అంటారు. "సీఎండీ నిలిచే ఉందా?" అని అడిగితే ఆగి చూసి చెబుతారు. మాట విప్పడం వచ్చింది కదా అని మందు మాత్రం సొంతంగా మార్చకండి, నొప్పి బిళ్ళ అయితే అడగకుండా అసలే వద్దు.

పోయిన వారం ఒక తాతగారు, తొమ్మిదో తరగతి చదివే మనవరాలు వచ్చారు. ఆ పిల్ల అంతకుముందు రెండుసార్లు వచ్చి నా దగ్గర నోట్‌బుక్ పద్ధతి నేర్చుకుంది. కాగితంలో సింపుల్ రీనల్ కార్టికల్ సిస్ట్ అని ఉంది. నేను నోరు తెరవలేదు. పిల్ల పెన్సిల్ తీసి సున్నా చుట్టి, వేలితో ఒక్కో ముక్కా చూపిస్తూ చెప్పింది. "రీనల్ అంటే కిడ్నీ తాతా. కార్టికల్ అంటే బెరడు. సిస్ట్ అంటే నీళ్ళ సంచి. సింపుల్ అంటే మామూలుదే."

తాతగారు కాసేపు ఆలోచించి, "బెరడులో సంచి ఉంటే ఉండనీ. దవ్వ ఎలాగుందంట?" అన్నాడు.

పిల్ల పై వరసలోకి వేలు జరిపి వెతికింది. "మెయింటెయిన్డ్ అని రాశారు తాతా."